దెబ్బ తిన్న రేకులో మిగిలిన బలమెంత?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకూలాయి. ఆ నష్టం సంగతి పాఠకులకు తెలిసిందే. మేం ఇక్కడ రాస్తున్నది ఆ రాత్రి గురించి కాదు. ఎనిమిది మాసాల తర్వాత జరిగిన ఒక ప్రమాదం గురించి. అది ఏ పత్రికలోనూ రాలేదు. కూలి మనిషి కిందపడితే వార్త కాదు గదా!

మేం పనిచేసే ప్రాంతంలో ఒక కొబ్బరి వ్యాపారికి షెడ్డు వుంది. దాని కప్పు ఇనుప రేకూ కాదు, సిమెంటు రేకూ కాదు. మొక్కల నార పరచి, దాని మీద జిగురులాంటి రసాయనం పోసి, అదిమి గట్టిపరచిన రేకులు. "తేలిక, తుప్పు పట్టదు, చౌక" అని చెప్పి అమ్మారట. తుపానులో చుట్టుపక్కల సిమెంటు రేకులు పెంకుల్లా పగిలిపోతే ఇవి నిలబడ్డాయి. ఒక రేకు మీద కొబ్బరి పిందెలు రాలిపడ్డాయి. పైనుంచి చూస్తే రూపాయి బిళ్లంత గుర్తు, అంతే. కిందనుంచి తలెత్తి చూస్తే మాత్రం చుక్క ఆకారంలో తెల్లటి బీటలు కనిపించేవి. తలెత్తి చూసిన వాళ్లు లేరు.

2019 జూన్ నెలాఖరులో వానలు పట్టుకున్నాయి. షెడ్డు మీద టార్పాలిన్ కప్పమని కూలీలను ఎక్కించారు. మా సంఘ సభ్యుడొకాయన ఆ రేకు మీద మోకాలు ఆనించాడు. ఆసుపత్రిలో మంచం మీద పడుకుని మాతో అన్నాడు: "సప్పుడు కూడా రాలేదు బావూ. పాత తడిక మీద కాలేసినట్టయిపోనాది. నానేటి సేసేది?" పన్నెండడుగుల కిందకు పడి తుంటి ఎముక విరిగింది.

పరిహారం అడగడానికి మేం నలుగురం వెళ్లాం. వ్యాపారి మమ్మల్ని కూర్చోబెట్టి మర్యాదగానే ఒక ప్రశ్న వేశాడు. "తుపానుకే విరగని రేకు మీవాడి మోకాలికి విరుగుతుందా? కాలు తప్పు వేసి వుంటాడు." ఆ రోజు మా దగ్గర కోపం వుంది గాని జవాబు లేదు. ఐదు మాసాలు తిరిగితే ఆసుపత్రి ఖర్చులో కొంత చేతిలో పెట్టి, "దయతలచి ఇస్తున్నాను" అన్నాడు. అడిగింది దయ కాదు. లెక్క.

ఆ లెక్క నేర్చుకోవడానికి మాకు చాలాకాలం పట్టింది. ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్లను అడిగాం. అర్థంకాని మాటలకు అర్థం చెప్పించుకున్నాం. ఇప్పుడు ఆ వ్యాపారి ప్రశ్నకు జవాబు చెప్పగలం. ఆ రేకు తుపానులో విరగకుండా దెబ్బ తిన్నది. దెబ్బ తిన్నది గనుకనే తర్వాత మోకాలికి విరిగింది. రెండింటికీ వైరుధ్యం లేదు. ఎందుకు లేదో కూలీలందరికీ తెలియాలి. ఎందుకంటే ఇలాంటి రేకులు, తలుపులు, పలకలు మన ఇళ్లకూ, మన పనిచోట్లకూ వస్తున్నాయి, ఇంకా వస్తాయి.

మట్టిగోడ చెప్పిన పాఠం

ఇదేదో కొత్త శాస్త్రమని భయపడనక్కర్లేదు. మన తాతలు గోడ పెట్టేటప్పుడు మట్టిలో వరిగడ్డి వేసి తొక్కేవారు. వట్టి మట్టి ఎండితే బీటలు వారుతుంది. గడ్డి వుంటే బీట ఒకచోట మొదలైనా గడ్డిపోచ అడ్డంగా పట్టుకుంటుంది. మట్టి బరువును నలుదిక్కులా పంచుతుంది, గడ్డి లాగుడును ఓర్చుకుంటుంది. రెండూ విడివిడిగా చేయలేని పని కలిసి చేస్తాయి. ఇలా రెండు వస్తువులు కలిపి చేసిన దాన్ని మిశ్రమ పదార్థమంటారు.

నార రేకూ అంతే. మట్టికి బదులు పాలియెస్టర్ వంటి రెజిన్, అంటే గట్టిపడే జిగురు. గడ్డికి బదులు జనపనార, గోగునార, కిత్తలి నార, కొబ్బరి పీచు. ఇంతకుముందు ఈ పనికి గాజునారే ఎక్కువగా వాడేవారు. గాజునార సాంద్రత నీటికి దాదాపు రెండున్నర రెట్లు. జనపనారది ఒకటిన్నర రెట్ల లోపే. అందుకే తేలిక. గాజును కొలిమిలో కరిగించాలి, నార చేలో పెరుగుతుంది. అందుకే చౌక. ఐరోపా, జపాన్ కార్ల కంపెనీలు తలుపుల లోపలి పలకల్లో అవిసె నార, కెనాఫ్ నార వాడుతున్నాయి. కెనాఫ్ అంటే ఎక్కడో సీమ మొక్క కాదు, మన గోగుకు తోబుట్టువు.

ఇక్కడొక సంగతి గమనించాలి. ఆ కంపెనీలు ఈ పలకలను ఎక్కువగా ఎక్కడ పెడుతున్నాయి? తలుపుకు లోపలివైపు, సీటు వెనక, సామాను అరల్లో. బండి బరువు మోసే చట్రంలో కాదు. ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో వాళ్లకు తెలుసు. మన షెడ్డు మీద పెట్టేటప్పుడు మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

దెబ్బ పడితే లోపల జరిగేది

దెబ్బకు కొలత వుంది. బరువును, ఎత్తును హెచ్చవేసి, ఆ వచ్చినదాన్ని సుమారు పదితో హెచ్చిస్తే దెబ్బలోని శక్తి జౌల్స్‌లో వస్తుంది. కిలో బరువు మీటరు ఎత్తునుంచి పడితే సుమారు 10 జౌల్స్. పావుకిలో కొబ్బరి పిందె ఎనిమిది మీటర్ల ఎత్తునుంచి పడితే సుమారు 20 జౌల్స్. రెండు కిలోల సమ్మెటను మీటరు ఎత్తునుంచి వదిలినంత దెబ్బ. పిందె చిన్నదని తీసిపారేయడానికి లేదు.

ఆ దెబ్బ పడగానే రేకు కిందకు వంగుతుంది. వంగినప్పుడు పైముఖం నొక్కుకుంటుంది, కిందిముఖం సాగుతుంది. జిగురు సాగుడును ఓర్వలేదు. కనుక మొదటి బీట కిందివైపే పుడుతుంది. పైన గుర్తు చిన్నదిగానూ, కింద బీటలు పెద్దవిగానూ వుండటానికి కారణమిదే. పైన పటారం, లోన లొటారం.

తర్వాత ఆ బీట లోపలికి పాకుతుంది. రేకులో నార పొరలు పొరలుగా వుంటుంది. బీట పొరల మధ్యకు చేరి అడ్డంగా వ్యాపిస్తుంది, పొరలు ఒకదానినుంచి ఒకటి విడిపోతాయి. కొన్నిచోట్ల నార పోగు జిగురులోంచి ఊడి బయటకు జారుతుంది. దెబ్బ ఇంకా పెద్దదైతే పోగులే తెగుతాయి. అప్పుడు చిల్లు పడుతుంది. చిల్లు పడితే అందరికీ కనిపిస్తుంది, రేకు మారుస్తారు. చిల్లుకు ముందు దశలే ప్రాణాంతకమైనవి. అవి కంటికి కనిపించవు.

ఇంకొక చిక్కు వుంది. పోగు జారడానికి కూడా శక్తి ఖర్చవుతుంది. జిగురు పట్టు కాస్త వదులుగా వుంటే పోగులు జారుతూ దెబ్బను మింగుతాయి, రేకు విరగదు. పట్టు మరీ గట్టిగా వుంటే మామూలు బరువు బాగా మోస్తుంది గాని దెబ్బకు పెళుసుగా పగులుతుంది. అంటే దెబ్బకు ఓర్చుకోవడం ఒక గుణం, బరువు మోయడం వేరొక గుణం. ఒకటి చూపించి రెండోది వుందని అమ్మడం మోసం.

ఏ నార వాడారన్నది కూడా ముఖ్యమే. జనపనార వందకు రెండు వంతులైనా సాగకముందే తెగుతుంది. కొబ్బరి పీచు పదిహేను వంతులు, అంతకన్నా ఎక్కువ సాగుతుంది గాని లాగుడు బలం తక్కువ. 1987లో తిరువనంతపురం ప్రాంతీయ పరిశోధనాశాల శాస్త్రజ్ఞులు కిత్తలి, అనాస, అరటి, కొబ్బరి నారలతో పలకలు చేసి, ఊగే సుత్తితో కొట్టి పరీక్షించారు. దెబ్బను ఎక్కువగా మింగినది కిత్తలి నార పలక. కొబ్బరి మిగతావాటి దారిలో నడవలేదు. "నార రేకు" అని ఒకే పేరు పెట్టి అమ్మితే చాలదని, ఏ నారో, ఎంత నారో చెప్పాలని ఆనాడే తేలిపోయింది.

మిగులు బలమంటే

దెబ్బ తినకముందు రేకు ఎంత మోస్తుంది, తిన్న తర్వాత ఎంత మోస్తుంది? ఈ రెండో అంకెనే మిగులు బలమంటారు. మా వాదనంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి వుంది.

పుస్తకాన్ని తీసుకోండి. అట్టతో బిగించి, కాగితాలన్నీ జిగురుతో అంటించి వుంటే అది పలకలా నిలుస్తుంది. అవే కాగితాలు విడివిడిగా వుంటే వేలితో వంచవచ్చు. కాగితం ఒక్కటి కూడా తగ్గలేదు, చిరగలేదు. తగ్గింది కలసివుండటం. రేకులోనూ అంతే. పొరలు విడిపోయాక లాగితే నార పోగులు ఇంకా కొంత ఓర్చుకుంటాయి. కాని నొక్కితే, వంచితే ఒక్కొక్క పొర విడిగా వంగి లొంగిపోతుంది. కప్పు మీద మనిషి మోకాలు ఆనిస్తే పడేది సరిగ్గా ఈ వంపే. అరవై కిలోల మనిషి బరువు అరచేయంత చోట పడుతుంది. గాలికి ఆగిన రేకు దానికి ఆగనక్కర్లేదు.

ఈ సంగతి విమానాలు చేసేవాళ్లకు బాగా తెలుసు. వాళ్లు కార్బన్ నార పలకలు వాడతారు. పలక మీద బరువు జార్చి కొడతారు, కంటికి కనీకనిపించని దెబ్బ పడేలా చూస్తారు. తర్వాత ఆ పలకనే యంత్రంలో పెట్టి విరిగేదాకా నొక్కుతారు. అలాంటి దెబ్బ తిన్నాక కూడా రావలసిన బరువు మోయగలదని రుజువు చేస్తేనే విమానానికి అనుమతి. కనిపించని దెబ్బ వుంటుందని ముందే ఒప్పుకుని లెక్క కట్టడమే ఈ పద్ధతి.

అక్కడ కూడా లెక్క తప్పిన రోజులున్నాయి. 2003 జనవరి 16న కొలంబియా అంతరిక్ష నౌక బయలుదేరినప్పుడు ఇంధన టాంకు నుంచి ముప్పాతిక కిలో నురుగు ముక్క ఊడి రెక్క అంచుకు తగిలింది. ఆ అంచు కూడా కార్బన్ నార మిశ్రమ పదార్థమే. దెబ్బ పడిందని ఇంజనీర్లకు తెలుసు. రెక్కను ఫొటోలు తీయించమని అడిగారు. పైఅధికారులు అవసరం లేదన్నారు. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో నౌక ముక్కలైపోయింది. మన దేశంలో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. ఆ తర్వాత అలాంటి నురుగు ముక్కను అలాంటి అంచు మీద పేల్చి చూస్తే పెద్ద చిల్లే పడింది. పరీక్ష చేయడం చేతకాక కాదు. చావు తర్వాత గాని చేయలేదు.

ఏడుగురు పోయాకైనా అక్కడ విచారణ జరిగింది, నివేదిక వచ్చింది. మా సభ్యుడు పడిన చోట విరిగిన రేకు ముక్కలను మర్నాడే పొయ్యిలో పెట్టారు. రుజువు బూడిదైపోయింది.

తడి చేసే ద్రోహం

దెబ్బ అక్టోబరులో పడింది, రేకు జూన్ చివర విరిగింది. ఈ ఎనిమిది మాసాల్లో జరిగిందేమిటి?

మొక్క నారకు నీళ్లంటే ప్రాణం. జిగురుకు నీళ్లంటే పడదు. ఈ రెండింటి పెళ్లి మొదటినుంచీ పొసగనిదే. రేకు పైపొర చెక్కుచెదరకుండా వున్నంతకాలం నీరు లోపలికి అంతగా పోదు. బీట పడితే దారి దొరుకుతుంది. తడిసిన నార ఉబ్బుతుంది, ఎండకు తిరిగి ముడుచుకుంటుంది. ఉబ్బినప్పుడల్లా జిగురును తోస్తుంది, ముడిచినప్పుడల్లా దానినుంచి విడిపోతుంది. తుపాను తర్వాత మంచు, మంచు తర్వాత ఎండ, ఎండ తర్వాత తొలకరి. చిన్న బీట పెద్దదవుతుంది. తడి నిలిస్తే బూజు పట్టి నారనే తినేస్తుంది.

ఇందులో ఒక మాయ కూడా వుంది. తడిసిన నార రేకు కొన్నిసార్లు ఇంకో దెబ్బ కొడితే పగలకుండా మెత్తగా వంగుతుంది. చూసేవాడు "ఎంత గట్టిది!" అనుకుంటాడు. నిజానికి అది మెత్తబడింది, బరువు మోసే బలం తగ్గింది. గట్టిదనానికి, వంగుడుకు తేడా తెలియనివాడు ఆ రేకు మీదకు మనిషిని ఎక్కిస్తాడు.

దీనికి మందు లేకపోలేదు. నారను కాస్టిక్ సోడా నీళ్లలో ముంచి కడిగితే పైనున్న మైనం పోయి జిగురు బాగా పడుతుంది. కోసిన అంచులకు రంగు, జిగురు పూసి మూయాలి. వెలుపలి పొరలు గాజునారతో వేసి, లోపలి పొరలు మొక్క నారతో వేస్తే తడికీ, దెబ్బకూ కొంత రక్షణ. చిందరవందరగా పరచిన నారకన్నా నేసిన గుడ్డ దెబ్బను ఎక్కువ మేరకు పంచుకుంటుంది. ఇవన్నీ ఖర్చుతో కూడినవి. చౌక అని అమ్మేవాడు మొదట కోసేది ఈ ఖర్చునే. రేకులు పోసే షెడ్లలో కార్మికుల సంగతి కూడా మరువరాదు. కాస్టిక్ సోడా చేతులను కాలుస్తుంది, పాలియెస్టర్ జిగురు నుంచి వచ్చే స్టైరీన్ ఆవిరి కళ్లనూ, తలనూ పట్టుకుంటుంది. గ్లౌజులు, గాలి ఆడే కిటికీలు కూడా ఆ ఖర్చులోనివే.

మొదటి దెబ్బ చెరువులోనే

ఈ విషయాన్ని మేం మరోవైపునుంచి కూడా చూడాలి. ఆ నార ఎక్కడిది? మన శ్రీకాకుళం, విజయనగరం చేలల్లో ఒకప్పుడు గోగు విరివిగా పండేది. ఆమదాలవలస పరిశోధనా స్థానం గోగు మీదనే పనిచేసి ఏఎంవి పేరుతో రకాలు ఇచ్చింది. ప్లాస్టిక్ సంచులు వచ్చాక గోనెసంచికి గిరాకీ పడిపోయింది. జనపనార సంచులు తప్పనిసరిగా వాడాలని 1987లో చట్టం చేయవలసి వచ్చింది. అయినా మన దగ్గర మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, గోగు విస్తీర్ణం తగ్గిపోయింది.

గోగు కోసి, కట్టలు కట్టి, ఆకు రాలేదాకా చేలో నిలబెట్టి, చెరువులో ముంచి బరువు పెడతారు. నీళ్లలోని సూక్ష్మజీవులు నారను పుల్లకు అంటించి వుంచే జిగురును తినేస్తాయి. రెండు మూడు వారాలు పట్టవచ్చు. తక్కువ ఊరితే బెరడు అంటుకుని వుంటుంది, ఎక్కువ ఊరితే నార కుళ్లి బలం పోతుంది. ఏ రోజు తీయాలో చెప్పేది యంత్రం కాదు, మన ఆడకూలీ బొటనవేలు. నడుం లోతు మురుగునీళ్లలో నిలబడి, జలగలు పట్టినా, ఒళ్లు దురద పెట్టినా, పుల్లను ఒలిచి నార తీసేది ఆమె.

తొందర పెడితే ఏమవుతుంది? సరిగ్గా ఊరని మొదళ్లను కర్రతో బాది విరిచి లాగుతారు. ఇలాంటి నారల్లో బాదిన చోట పోగు మీద సన్నటి ముడతలు పడతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే కనిపిస్తాయి. ఆ ముడతల దగ్గరే తర్వాత పోగు తెగడం మొదలవుతుంది. అంటే రేకు పుట్టకముందే నారకు మొదటి దెబ్బ తగిలింది. ఆ దెబ్బకు కారణం కూలి మనిషి చేయి కాదు. మంచినీటి గుంట లేకపోవడం, రోజుకు ఇన్ని కట్టలు ఒలవాలని ఒత్తిడి పెట్టడం, మంచి నారకూ చెడ్డ నారకూ ఒకటే ధర కట్టడం.

ఆసుపత్రి పాలైన మా సభ్యుడి తల్లి తన వయసులో గోగు ఒలిచింది. ఆమె మమ్మల్ని అడిగింది: "ఆ నార మనమే తీసినాం గదా బాబూ, ఆ నార నా కొడుకుని పడేసినాదా?" లేదమ్మా, నార పడేయలేదు. నార ఎంత మోస్తుందో లెక్క కట్టనివాళ్లు పడేశారు, అని చెప్పాం.

గొడ్డలి ప్రదర్శన, పత్తి కారు

నార పదార్థాలను ఎలా చూపించవచ్చో, ఎలా వాడవచ్చో రెండు పాత ఉదాహరణలు చెబుతాం.

1940లో అమెరికా కోటీశ్వరుడు హెన్రీ ఫోర్డ్ తన కారు వెనక మూతకు, సోయా వంటి పంటల పదార్థాలతో చేసిన ప్లాస్టిక్ పలక పెట్టించాడు. అందరూ చూస్తుండగా దాన్ని గొడ్డలితో కొట్టాడు. పలక సొట్టపడలేదు. ఫొటోలు దేశమంతా తిరిగాయి. అది దెబ్బకు ఓర్చే పరీక్ష. దెబ్బ తిన్నాక ఎంత మోస్తుందన్నది వేరే పరీక్ష. ఫొటోలో మొదటిదే పడుతుంది. మన వ్యాపారి చెప్పిన "తుపానుకే విరగలేదు" అన్నమాట ఈ గొడ్డలి ప్రదర్శనకు తమ్ముడే.

రెండోది తూర్పు జర్మనీ ట్రాబాంట్ కారు. 1957 నుంచి 1991 దాకా సుమారు 30 లక్షల కార్లు తయారయ్యాయి. రేకు ఉక్కు కొరతగా వున్న దేశం గనుక, సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన పత్తి వ్యర్థాన్ని ఫినాల్ జిగురుతో కలిపి, వేడిచేసి అదిమి కారు పైపలకలు చేశారు. ఆ కారుకు లోపాలు లేవని మేం అనడం లేదు. పొగ ఎక్కువ, కొనాలంటే ఏళ్ల తరబడి వేచివుండాలి. కాని ఒక మెలకువ గమనించండి. బరువు మోసేది లోపలి ఉక్కు చట్రం. పత్తి పలక పైన కప్పు మాత్రమే. పలకకు బీట పడితే పలకే మార్చేవారు. మొక్క నారను వాడారు గాని మనిషి ప్రాణాన్ని దాని మీద ఒక్కదాని మీదే ఆనించలేదు.

కనుక మేం నార రేకులకు వ్యతిరేకం కాదు. గోగుకు మళ్లీ గిరాకీ వస్తే మన రైతుకు, మన కూలికి పని దొరుకుతుంది. ఆస్బెస్టాస్ దుమ్ము పీల్చడంకన్నా నార రేకు కింద బతకడం మేలు. మేం వ్యతిరేకించేది లెక్క చెప్పకుండా అమ్మడాన్ని, లెక్క చూడకుండా కూలిని ఎక్కించడాన్ని.

మనం చేయవలసింది

మొదట మన చేతిలో వున్న పని. వానాకాలానికి ముందు మన ఇళ్ల, షెడ్ల, పశువుల పాకల కప్పులను కిందనుంచి చూడాలి. తెల్లటి చుక్క బీటలు, ఉబ్బిన చోట్లు వుంటే సుద్దతో గుండ్రంగా గీయాలి. తర్వాత నిచ్చెన మీదనుంచే నాణెంతో తట్టి వినాలి. సంతలో కుండ కొనేటప్పుడు మన ఆడవాళ్లు తట్టి చూడరా? మంచి చోట ఖంగున పలుకుతుంది, పొరలు విడిన చోట బద్దగా పలుకుతుంది. విమానాల పలకలను కూడా నేటికీ ఇలా తట్టి చూసే పద్ధతి వుంది. శబ్దం బాగుందని పూర్తిగా నమ్మరాదు. కాని బద్దగా పలికితే మాత్రం ఆ రేకు మీద ఎవరూ బరువు వేయకూడదు.

రెండోది, తూకం. పాత రేకునుంచి ఒకే కొలత ముక్కలు రెండు కోయండి. ఒకటి దెబ్బ పడిన చోటునుంచి, ఒకటి దెబ్బ లేని చోటునుంచి. రెండు ఇటుకల మీద వంతెనలా పెట్టి, మధ్య తాడు కట్టి, ఇసుక సంచి వేలాడదీసి, విరిగేదాకా కొంచెం కొంచెంగా ఇసుక పోయండి. కాళ్లు దూరంగా వుంచుకోండి. మంచి ముక్క 40 కిలోలకు విరిగి, దెబ్బ తిన్న ముక్క 26 కిలోలకు విరిగితే మిగులు బలం నూటికి 65 అన్నమాట. ఇది ఉదాహరణకు చెప్పిన లెక్క. మీ రేకుకు ఎంత వస్తుందో మీరే చూడండి. ఇది ప్రయోగశాల పరీక్షకు సాటి కాదు. కాని "తుపానుకే విరగలేదు" అన్నవాడి ముందు పెట్టడానికి ఒక అంకె చేతికి వస్తుంది.

ఇక ప్రభుత్వాన్ని, యజమానులను మేం అడిగేవి:

ఒకటి: మొక్క నార రేకు, తలుపు, పలక ఏది అమ్మినా దాని మీద మూడు అంకెలు ముద్రించాలి. కొత్తగా వున్నప్పటి బలం, నిర్ణీత దెబ్బ తర్వాత మిగిలిన బలం, నీళ్లలో నానిన తర్వాత మిగిలిన బలం.

రెండు: దెబ్బ తగిలిన కప్పు మీదకు అడ్డపలకలు, నడుముకు తాడు లేకుండా ఎవరినీ ఎక్కించరాదు. అలా ఎక్కించి ప్రమాదం జరిగితే తప్పు కూలిది కాదని రుజువు చేసుకోవలసిన పని కూలికి వుండకూడదు. రేకు మంచిదని రుజువు చేయవలసిన బాధ్యత యజమానిది.

మూడు: ప్రమాదం జరిగిన చోట విరిగిన ముక్కలను అధికారి వచ్చేదాకా కదల్చరాదు. అవే సాక్ష్యం.

నాలుగు: జిల్లాలోని ప్రభుత్వ ఇంజనీరింగు, పాలిటెక్నిక్ కాలేజీల్లో బరువు జార్చి కొట్టే యంత్రం, వంచి చూసే యంత్రం పెట్టి, సంఘాలు తెచ్చిన ముక్కలను ఉచితంగా పరీక్షించి కాగితం ఇవ్వాలి.

ఐదు: గోగు ఊరవేయడానికి మంచినీటి గుంటలు తవ్వించాలి. మంచి నారకు మంచి ధర కట్టాలి. ఆ ధరలో ఒలిచిన కూలికి వాటా వుండాలి.

మా సభ్యుడు ఇప్పుడు నడుస్తున్నాడు. ఎముక అతికిందని డాక్టరు చెప్పాడు. వీధిలో చూసిన వ్యాపారి, "బాగానే వున్నావు గదా" అన్నాడట. బస్తా భుజానికెత్తుకుంటే మాత్రం ఆ కాలు వణుకుతుంది. నాట్లకు పిలిచేవాళ్లు లేరు, మూటలు మోయడానికి పిలిచేవాళ్లు అసలే లేరు. అరరోజు కూలికి పశువులు తోలుతున్నాడు. ఆయనకు ఇచ్చిన ఆసుపత్రి ఖర్చులో ఈ పోయిన కూలి లెక్క ఎక్కడా లేదు. ఆ లెక్క కోసం మళ్లీ వెళ్లబోతున్నాం. ఈసారి ఇసుక సంచి, రెండు రేకు ముక్కలు కూడా పట్టుకువెళ్తాం.